జీడి బట్టీలో కెమెరా

భవాని హార్డ్‌డిస్కు వెనకనున్న పచ్చ బోర్డు విప్పి, నల్లబడ్డ రాగి చుక్కలను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దుతోంది. జీడి బట్టీ పొగకు ఉద్దానం ఉప్పుగాలి తోడైతే ఏ లోహమైనా ఇలాగే తయారవుతుంది. గట్టిగా రుద్దితే రాగి లేచిపోతుంది, రుద్దకపోతే డిస్కు తిరగదు.

ఆమె టెక్కలిలో ఇంటర్ రెండో ఏడు, ఒకేషనల్ కంప్యూటర్ కోర్సు. అందులో భాగంగానే పలాసలో యువరాజు కంప్యూటర్ రిపేరు షాపులో పని నేర్చుకుంటోంది. కాలేజీలో ఎంపీసీ పిల్లలు ఒకేషనల్ వాళ్ళను స్క్రూడ్రైవర్ బ్యాచ్ అంటారు. భవానికి ఆ పేరు ఇష్టమే.

కోర్సులో చేర్పించింది మేనమామ చిన్నారావు. తండ్రి పోయాక తల్లీకూతుళ్ళు అతని ఇంట్లోనే ఉంటున్నారు. అతను జీడి బట్టీ మేస్త్రీ. అక్కడ పిక్కలు కొట్టే సూర్యకుమారి, జీడి సొనకు వేళ్ళు పుండ్లు పడ్డాయని, చేతి తొడుగులు ఇచ్చేదాకా పని ముట్టనని కూర్చుంది. మర్నాడు ఆసుపత్రిలో తేలింది. కాలు జారి వేడి పెనం మీద పడిందని చిన్నారావు అందరికీ చెప్పాడు. చెప్పే ముందే గోడమీది కెమెరాను పీకి, రాయితో చితక్కొట్టి, బట్టీ మంటలో పడేశాడు. బొమ్మలన్నీ కెమెరా కడుపులోనే ఉంటాయనుకున్నాడు. ఇంట్లో కంప్యూటర్ చదివే పిల్లను ఒక్క మాట అడగలేదు. నిజంగా బొమ్మలు చేరేది ఆఫీసు గదిలోని రికార్డరులో; దాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. అది పనిచేయకపోతే హెడ్ కానిస్టేబుల్ శేషగిరి షాపుకు తెచ్చి, బాగుచేసి నకలు తీసి ఉంచమని, సాయంత్రం వస్తానని వెళ్ళాడు.

బోర్డు బిగించి, డిస్కును రికార్డరులో పెట్టి భవాని స్విచ్చి వేసింది. డిస్కు తిరిగింది. తెరమీద మామ కనబడ్డాడు. శబ్దం లేదు. పిక్కలు కలిపే ఇనుప గరిటెతో సూర్యకుమారి వీపు మీద కొట్టాడు. ఆమె పడ్డాక మళ్ళీ కొట్టాడు. మణికట్టు పట్టుకుని అరచేతిని పెనానికి అదిమాడు. ఆమె నోరు తెరుచుకునే ఉంది. భవాని పెన్‌డ్రైవు గుచ్చి నకలు మొదలుపెట్టింది.

రికార్డరు షాపులో ఉందని విని, అప్పుడే చిన్నారావు లోపలికొచ్చాడు.

"ఏటే గుంటా, ఆ డబ్బా ఇల్లా తే."

"ఇవ్వను మావా. నాను సూసినాను."

"సూత్తే సూసినావు. సెరిపెయ్యి. మీ యమ్మా నువ్వూ ఎవులి కొంపలో ఉంతన్నారు?"

"సెరపడం మాకు నేర్పనేదు. పోయినవి బయటికి తియ్యడవే నేర్పినారు."

యువరాజు అడ్డం వచ్చాడు. చిన్నారావు అతని జుట్టు పట్టి బల్ల అంచుకేసి కొట్టాడు. పెదవి చీలి రక్తం కీబోర్డు మీద పడింది. భవాని రికార్డరు మీద బోర్లా పడి రెండు చేతులా కావలించుకుంది. షట్టరు లాగే ఇనుప కొక్కెం తీసి అతను ఆ వేళ్ళ మీద బాదాడు. రెండో దెబ్బకు కుడిచేతి వేలు విరిగింది. వైర్లు తెగేలా లాగాడు, డొక్కలో తన్నాడు. ఆమె వదల్లేదు. పక్క టీకొట్టు వాళ్ళు నలుగురు కలిసి అతన్ని వెనక్కి విరిచి పట్టుకున్నా, అప్పటికీ కాళ్ళతో బల్లను తన్నుతూనే ఉన్నాడు. వాళ్ళే స్టేషనుకు ఈడ్చుకుపోయారు.

ఆసుపత్రికి పోదాం పదమని యువరాజు మూతికి గుడ్డ అదుముకుంటూ బతిమాలాడు. నకలు మధ్యలో ఆగిపోయిందని, సగం బొమ్మ ఎందుకూ పనికిరాదని చెప్పి భవాని లేవలేదు. వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. ఎడమచేత్తో కొత్త వైరు గుచ్చింది. మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టింది. అయ్యాక నకలును వేరే కంప్యూటర్లో పెట్టి, చివరిదాకా చూసింది. ఎక్కడా తెగలేదు.

సాయంత్రం శేషగిరి వచ్చి ఆమె చెయ్యి చూసి, ముందు డాక్టరు దగ్గరికి నడవమన్నాడు.

"ముందు ఇది పట్టుకెల్లండి సార్. మొత్తం ఆడతంది" అని, పెన్‌డ్రైవునూ రికార్డరునూ ఎడమచేత్తోనే అతని ముందుకు తోసింది.