పెదనాన్నగారి ఎడం చెయ్యి

మా పెదనాన్నగారు అన్నం తినేటప్పుడు ఎడం చేత్తో కంచం అంచు గట్టిగా పట్టుకుంటారండి. చిన్నప్పట్నించీ చూస్తున్నాను. "ఎవరన్నా ఎత్తుకుపోతారా ఏంటండీ?" అని నవ్వేదాన్ని కూడా.

ఆయనది మా వీధి చివరిల్లే. పెద్దమ్మ పోయిన దగ్గర్నించీ ఆదివారం భోజనం మా ఇంట్లోనే. ఉత్తి చేతుల్తో మాత్రం రారు. రెండు కొబ్బరికాయలు తెచ్చి గుమ్మంలో పెట్టేకే లోపలికొస్తారు. సొంత తమ్ముడింటికి కూడా అంతే.

ఆయనకీ నాన్నకీ ఓటు దగ్గర పడదు. మొన్న ఎలక్షన్లయ్యేక వచ్చిన ఆదివారం కూడా మొదలెట్టేరు. పథకాలంటే చాలు, పెదనాన్నగారికి ఒళ్ళు మంట.

"ఊరికే వచ్చింది ఒంటికి పట్టదురా. జనం సోమరిపోతులైపోతున్నారు."

"ఆకలికి ఊరికే వచ్చిందో కొన్నదో తెలుస్తుందా అన్నయ్యా?" అన్నారు నాన్న.

నాకు చురుక్కుమంది. నా ఇంటరు ఫీజు గవర్నమెంటే కట్టింది మరి. అంటే నేనూ సోమరిదాన్నేనా? అప్పుడే పనసపొట్టు కూర వడ్డిస్తున్నానండి. "అయితే ఇదీ ఊరికే వచ్చిందేగా, మీకు పట్టదులెండి!" అని కంచం లాగేను. పరాచికానికే. ఆయన వదల్లేదు. ఇంకాస్త గట్టిగా లాగితే చేతిలోంచి ఊడొచ్చేసింది.

అమ్మ నవ్వింది. ఆయన మాత్రం ఖాళీ అయిన చేతికేసి చూస్తూ ఉండిపోయేరు. డెబ్భై దాటిన మనిషి మొహం కాదండి అది, ఎవరో చిన్నపిల్లోడి మొహం. లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేరు. ఆయన తెచ్చిన కొబ్బరికాయలు గుమ్మంలోనే ఉన్నాయి.

తర్వాతి ఆదివారం రాలేదు. ఇంక రారేమో అని భయమేసింది. అప్పుడు చెప్పేరు నాన్న. వాళ్ళ చిన్నతనంలో గోదారి పొంగి లంకలో ఇల్లు పోతే, స్కూల్లో అన్నం పెట్టేవారంట. నాన్నేమో నాన్నమ్మ చంకలో. పెదనాన్నగారు కంచం పట్టుకుని వరసలో. వడ్డించేవాడు "ఇందాకే తిన్నావు కదరా, దొంగా!" అని అందరి ముందూ కంచం లాగేసుకున్నాడంట. తిననే లేదు ఆయన.

"నాకు మాత్రం అమ్మ నోట్లో పెట్టిన వేడన్నమే గుర్తు," అన్నారు నాన్న.

ఒకే వరస. ఒకే అన్నం. పెదనాన్నగారింటికి పరుగున వెళ్ళేను.

"తప్పయిపోయిందండి పెదనాన్నగారూ."

"ఆయ్, పర్లేదే పిచ్చిదానా. నువ్వు పరాచికానికి లాగేవని నాకు తెలుసు. చేతికి తెలీలేదంతే."

మళ్ళీ వస్తున్నారు, కొబ్బరికాయల్తోనే. అన్నదమ్ములు మళ్ళీ దెబ్బలాడుకుంటున్నారు. నేనిప్పటికీ నాన్న వైపే, కాకపోతే గొంతు తగ్గించేను. వడ్డించేటప్పుడు గరిటె కాస్త పైనుంచే వంచుతాను, నా చెయ్యి ఆ అంచుకి తగలకుండా. అంట్లు తోముతుంటే ఆ కంచం చేతికొచ్చినప్పుడు మాత్రం, అవతల్నించి ఎవరో ఇంకా పట్టుకునే ఉన్నట్టుంటుందండి.