నాయనమ్మ గొంతు మీద అంటించిన ప్లాస్టరు

దుబాయ్ అల్ నహ్దాలో మా చిన్నప్పుడు... శుక్రవారం సెలవు పొద్దున అందరి నాన్నలూ ముసుగు తన్ని పడుకుంటే, మా సోషల్ సారు మాత్రం సంచిలో టేప్ రికార్డరు వేసుకుని ఇండస్ట్రియల్ ఏరియా లేబర్ క్యాంపులకు పోయేవారు. పనివాళ్ళతో వాళ్ళ ఊరి పాటలు పాడించుకుని రాసుకునేవారు.

ఆయన బెంగాలీ. వాళ్ళ వైపు పడవవాళ్ళ పాటలు, ముసలమ్మల కథలు ఇరవై ఏళ్ళు సేకరించి, బతుకు తెరువుకు ఇక్కడికి వచ్చారు. స్టాఫ్ రూములో ఆయన్ని 'కూలీల ప్రొఫెసరు' అనేవారట. ఆ వెటకారం చేసినవాళ్ళెవరూ గైడు చూడకుండా ఒక్క పాఠం చెప్పిన పాపాన పోలేదు.

ఒకసారి మా ఇంటికొచ్చారు. నర్సు డ్యూటీ దిగొచ్చిన అమ్మ, ఊళ్ళో ఉన్న నాయనమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. నాయనమ్మ కాసేపు సిగ్గుపడి, నాట్ల పాటలు ఎత్తుకుంది... క్యాసెట్ నిండేదాకా. తెలుగు ముక్క రాని సారు కళ్ళు తుడుచుకున్నారు. నాన్న గదిలోంచి బయటికే రాలేదు.

అమ్మ చెప్పగా మాటలన్నీ రాసుకుని, సారు క్యాసెట్ నాకే ఇచ్చేశారు. దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా అంచునున్న ప్లాస్టిక్ ముక్కలు విరిచేశారు.

"పాట నా పుస్తకంలో ఉంటుంది. గొంతు మీ ఇంట్లోనే ఉండాలి," అన్నారు హిందీలో.

తర్వాత క్లాసు మొత్తానికీ, ఇంట్లో పెద్దవాళ్ళ పాటలు రాసుకురమ్మని అదే హోంవర్కు ఇచ్చారు. అంతే... తల్లిదండ్రులు టైలు కట్టుకుని ప్రిన్సిపాల్ మీదికి దండెత్తారు. అందరికంటే ముందు మా నాన్న.

"కూలోళ్ళ పాటలు నేర్పించడానికా మా పిల్లల్ని ఇక్కడ చేర్పించింది? మాకీ సారొద్దు."

నాన్నని నాయనమ్మ చదివించింది ఆ నాట్లు వేసే. సిగ్గు లేకపోతే సరి!

ఏడాది చివర్లో సారు ఉద్యోగం ఖలాస్. వీడ్కోలు కూడా లేదు.

నేనేమైనా తక్కువ తిన్నానా? ఆ సెలవుల్లో రేడియోలో వచ్చే సినిమా పాటల కోసం ఖాళీ క్యాసెట్ దొరక్క, విరిచిన చోట అమ్మ ఆస్పత్రి ప్లాస్టరు అంటించి రికార్డు చేసేశాను.

ఇప్పుడు అదే స్కూల్లో జానపద దినోత్సవమట... అద్దె తలపాగాలు, ప్లాస్టిక్ నాగళ్ళు. నాన్నేమో ఫ్యామిలీ గ్రూపులో రోజూ 'మన మూలాలు' అంటూ ఫార్వర్డులు. నాయనమ్మ పోయాక ఆయనే అడిగారు, "మా అమ్మ పాటల క్యాసెట్టేదే?"

పెట్టాను. వరసగా డాన్సు పాటలు. ఆయన తల దించుకుని విన్నారు. అన్నీ అయ్యాక, టేపు ఆఖర్లో చిన్న దగ్గు...

"ఇంకోటి పాడనా సారూ?"

మాకు మిగిలింది అంతే. మీ ఇళ్ళలో ఎవరి గొంతు మీద ఏం రికార్డు చేశారో... ధైర్యముంటే కింద రాయండి.