దోవంతా ముండ్లు

బాగేపల్లిలో నేను ఆడించిన నాటకమంతా ఒక ముసలమ్మ చావుకు ముందు కనే కల. అందులో మృత్యువు వేషం మా పంక్చర్ షాపాయనది. వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి, అంతే. ఆయన మాత్రం ప్రతి రిహార్సల్లోనూ వంగి ఆమె కాళ్ళ దగ్గర చెప్పులు పెట్టేవాడు.

"ఏసుకోమ్మా, దోవంతా ముండ్లుండాయి."

"సచ్చినోళ్ళకి చెప్పులెందుకప్పా?" అని నేను అరిచేవాణ్ణి. నావైపు ఒకసారి చూసి, తీసేసేవాడు. మర్నాడు మళ్ళీ అదే.

మొన్న మిట్టేమరిలో ఆయన తల్లి పోయింది. పాడె లేపబోతుంటే ఇంట్లోంచి ఆమె చెప్పులు పట్టుకొచ్చి కాళ్ళ దగ్గర వంగాడు. అందరూ ఆగిపోయారు. ఆయన తలెత్తి, రిహార్సల్లో లాగే, నావైపు చూశాడు.

నేనూ పక్కనే వంగి, ఒక చెప్పు తీసుకుని ఆమె కాలికి తొడిగాను.