మిక్సీ అడుగున స్టిక్కర్

వసంతలక్ష్మి ఆంటీ చెయ్యి పడితే కొత్త మిక్సీ అయినా కాలిపోతుందని అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని మా అపార్ట్‌మెంట్లన్నిటా చెప్పుకున్నారు. జార్ గొంతుదాకా పప్పు కుక్కుతుందట, ఆపమన్నా ఆపదట. ఆవిడ ముఖం చూడనివాళ్లు కూడా ఈ మాటే చెప్పారు.

ఆవిడ తెనాలి నుంచి కొడుకు లోకేష్ దగ్గరికి ఆరు నెలలకని వచ్చారు. మాది పక్క ఫ్లాట్. కోడలు ప్రణవి ఆన్‌లైన్‌లో ఇండియన్ మిక్సీ ఆర్డర్ చేసింది. అమెరికా కరెంటుకే తయారైందని, 110 వోల్టులని పేజీలో రాసి ఉంది. అమ్మింది ఆ వెబ్‌సైట్ కాదు, అందులో చోటు తీసుకున్న ఎవరో సెల్లర్. రెండోరోజే, ఆంటీ గుప్పెడు పెసరపప్పు రుబ్బుతుంటే మిక్సీ మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. ఎక్కువ లోడ్ వేశారు, తప్పు మీదే, రిటర్న్ తీసుకోం అని సెల్లర్ జవాబిచ్చాడు.

"అత్తయ్యా, ఏమీ అనుకోకండి. ఇకనుంచి కిచెన్ నేను చూసుకుంటా, మీరు రెస్ట్ తీసుకోండి," అంది ప్రణవి.

ఆవిడ ఆరోజు నుంచే వంటగదిలో అడుగుపెట్టడం మానేశారు. మంచినీళ్లు కూడా అడిగి తాగేవారు. ఇంకా నాలుగు నెలలు అలా గడపాలి.

శనివారం పొద్దున నేను కరివేపాకు ఇద్దామని వెళ్లేసరికి ప్రణవి ఆ మిక్సీని పారేయడానికి పెట్టెలో పెడుతోంది.

"ఆగమ్మాయ్. స్క్రూడ్రైవర్ ఉందా?" అన్నారు ఆంటీ.

"మళ్లీ ఎందుకత్తయ్యా, ప్లీజ్!"

"చచ్చినదాన్ని మళ్లీ చంపుతానా ఏంటి? ఇటివ్వు."

నాలుగు స్క్రూలు తీసి లోపలికి తొంగిచూశారు.

"తీగ చూడు, వెంట్రుకంత సన్నం. చుట్లేమో దట్టం. ఇది మన ఊరి కరెంటుకి చుట్టిన మోటారు. ఇక్కడి కరెంటు దానికి సగమే. మొయ్యలేక చచ్చింది."

తర్వాత మిక్సీ అడుగున ఉన్న స్టిక్కర్ అంచుని గోటితో లేపారు. 110 పక్కకి తొలగింది. కింద కంపెనీ వేసిన అంకె బయటపడింది: 230.

"ఓ మై గాడ్, చీటింగ్!" అని ప్రణవి మొత్తం పీకబోయింది.

"పీకకు! రెండంకెలూ ఒకే ఫొటోలో పడాలి."

ఫొటో నేను తీశాను. ప్రణవి వెబ్‌సైట్‌కి పంపింది. మూడోరోజుకి డబ్బు తిరిగొచ్చింది. సెల్లర్ పేజీ మాయమైంది.

సంగతి తెలిసి ఆ తర్వాతి ఆదివారం ఆరుగురు మిక్సీలు చంకన పెట్టుకుని వచ్చారు. నాలుగింటి అడుగున స్టిక్కర్ మీద స్టిక్కర్. వరసలో మూడో మనిషి విజయశ్రీ. ఆ పుకారు ముందు ఆమె నోటే విన్నాను.

"జార్ గొంతుదాకా కుక్కావా తల్లీ?" అని ఆంటీ అడిగితే అందరికంటే ముందు విజయశ్రీయే నవ్వేసింది.

"ఇవన్నీ మీకెలా తెలుసు ఆంటీ?" అని అడిగాను నేను.

"చూస్తే తెలియదూ!"

ఆ వారమే ఇంకో మిక్సీ వచ్చింది. ప్రణవి దాన్ని విప్పకుండానే అత్తగారి చేతుల్లో పెట్టింది. "ముందు మీరు చెక్ చెయ్యండి. తర్వాత కొబ్బరి పచ్చడి కూడా మీరే." ఆంటీ పెట్టె ఎత్తుకుని నేరుగా వంటగదిలోకి నడిచారు. గోడ ఇవతల మా ఇంట్లోకి మిక్సీ మోత గట్టిగా, హుషారుగా వినిపించింది.

తెనాలిలో వాళ్ల షాపు బోర్డు మీద 'సత్యం మోటార్ వైండింగ్' అని భర్త పేరే ఉండేది. పంతొమ్మిదేళ్లు ఆ షాపులో మోటార్లకి తీగ చుట్టింది వసంతలక్ష్మి ఆంటీ.