మగ్గం గుంటలో బూట్లు

మామ పోయినాక నాకు ఆయన మొహంకన్నా ముందు కుడికాలి బొటనవేలే గుర్తొస్తుంది. ఎమ్మిగనూరులో మా మేనమామ చెప్పులు విడిచి మగ్గం గుంటలోకి దిగి, తొక్కుడు పలకను ఆ వేలితో ఒకసారి తడిమేవాడు.

"కాలికి తెలియాలప్పా" అనేవాడు.

షుగరొచ్చి పాదాలు మొద్దుబారినాయి. ఒట్టి కాళ్ళతో ఉండొద్దని డాక్టరు చెప్పినాడు. చెప్పుకాళ్ళతో మగ్గం తొక్కలేక నేతే మానేసినాడు.

ఆదోనిలో పరుగు కోసం నేను పల్చటి అడుగున్న బూట్లు కొనుక్కున్నాను. తొలిరోజే కంకరలో ప్రతి రాయీ పాదానికి తెలిసింది. నాకు పట్టరాని ఆశ పుట్టింది. మామదీ నాదీ ఒకే సైజు. ఆ ఆదివారమే తీసుకుపోయినాను.

"ఇవి వేసుకుంటే రాయి కూడా తెలుస్తుంది మామా."

మామ మగ్గానికి దండం పెట్టుకొని, బూట్లతోనే గుంటలోకి దిగినాడు. పలకను బొటనవేలితో ఒకసారి తడిమి, మళ్ళీ తడిమినాడు. తర్వాత ఒక బూటు విప్పి, అందులోకి చెయ్యి దూర్చి, వంగి పలకను అదిమి చూసినాడు.

"బూట్లదేం తప్పు లేదప్పా," అన్నాడు నా మొహం చూసి. "సెయ్యికి బాగానే తెలుస్తాంది."