మరకా, మచ్చా

"కొడుకు పెళ్ళి ఫొటో ఇస్తే వానలో తడిపి ఇచ్చావేంటమ్మా?" అని ఒకాయన స్టూడియో పిల్ల మీదికి గయ్యిమని లేచాడు. ఆ పిల్ల గొంతు పెంచలేదు. "వేలు తడి చేసుకుని రుద్దండి బాబాయ్ గారూ, రంగు అంటితే మీరన్నదే నిజం" అంది. ఆయన రుద్దాడు, రంగు అంటని వేలు చూసుకున్నాడు, అలాంటిదే ఇంకోటి చేసిపెట్టమని వెళ్ళాడు. పక్క కొట్లో గుండీలు కుట్టే అవ్వ అదంతా చూసి, పిల్ల గట్టిదే అనుకుంది.

ఫొటోల్ని నీటిరంగుల బొమ్మలుగా మార్చడం ఆ పిల్ల కంప్యూటర్లో తనంతట తానే నేర్చుకుంటోంది. మౌసు జరిపేటప్పుడు నిండు గిన్నె మోస్తున్నట్టు ఊపిరి బిగబట్టి, నాలుక కొస పంటి కింద పెట్టుకుంటుంది. అవ్వ దగ్గర పోయిన మొగుడిది మిగిలింది ఒక్క ఫొటో, అదీ మరకలు పట్టింది, దాన్ని నమ్మి ఆ పిల్ల చేతిలో పెట్టింది. తయారైన బొమ్మ చూసి మూతి తిప్పింది.

"ఈ నున్నటాయన ఎవడే? మా ఆయన మొహం నిండా స్ఫోటకం మచ్చలు. ఎవరి మొగుణ్ణో నాకు అంటగడతావా?"

ఏది మరకో ఏది మచ్చో తెలియక కంప్యూటర్ అన్నిటినీ తుడిచేసింది. పిల్ల సాకు చెప్పలేదు. "మచ్చలన్నీ నా చేత్తో మళ్ళీ వేస్తానవ్వా" అంది. ఆ మచ్చలు చూసి జాలిపడ్డవాళ్ళే గాని, కావాలన్నవాళ్ళను అవ్వ ఇన్నేళ్ళలో చూడలేదు. చల్లగా ఉండమని మనసులోనే దీవించింది. పిల్ల కుర్చీ దగ్గరికి లాగి, అవ్వ మొహంలోకి చూసింది.

"ఏ మచ్చ ఎక్కడుండేదో, నీ బుగ్గ మీద వేలు పెట్టి చూపించు."