ఎర్తు పిన్ను పీకిన శనివారం

మా బావకు ఓపిక తక్కువ. చిన్నక్క భర్త ఆయన. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు, వాళ్ళ వీధి భజన మందిరంలో మైకుసెట్టు కూడా ఆయనే చూసుకుంటాడు. పోగు తెగితే ఎంతసేపైనా కూర్చుని అతుకుతాడు గానీ, వైరు దగ్గరికొచ్చేసరికి ఆ నిదానం ఎక్కడికి పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ శనివారం మందిరానికి కొత్త పవర్ ఆంప్లిఫయర్ వచ్చింది. పాత మిక్సర్‌కు తగిలిస్తే స్పీకర్లలో ఒకటే గుయ్. హిందూపురంలో సౌండ్ సెట్టు నడిపేది నేను కాబట్టి నాకు ఫోన్ చేశాడు. విషయం చిన్నదే. మిక్సర్ నుంచి వచ్చే వైరులో పాట మోసే తీగ ఒకటి, దాని చుట్టూ అల్లిక ఒకటి, అంతే. కొత్త ఆంప్లిఫయర్‌కు పాట తీగ, దాని జత తీగ, అల్లిక మూడూ వేరువేరుగా కావాలి. జత తీగ చోటు ఖాళీగా వదిలేస్తే గుయ్‌మనక ఏం చేస్తుంది? "నేనొచ్చేదాకా ఏమీ ముట్టుకోవద్దు బావా" అని చెప్పి, సరైన వైరు తయారుచేసి సంచిలో వేసుకుని బస్సెక్కాను.

పెనుకొండలో బస్సు ఆగినప్పుడు మళ్ళీ ఫోన్.

"ఏమబ్బా, యాడుండావు? నిదానంగా రా. ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేసినా. గుయ్యిమనేది నిలిచిపాయ. అత్త పాట ఎత్తుకుంటాంది."

అత్త అంటే మా అమ్మ. ఎర్తు తీస్తే మోత ఆగుతుంది, నిజమే. చాలామంది చేసే పనే. కానీ భజనకు ముందు మందిరం బండలు కడగడం వాళ్ళ ఆనవాయితీ. అమ్మ తడి బండల మీద ఉత్త కాళ్ళతో నిలబడి, ఇనుప మైకు చేత పట్టుకుని పాడుతుంది. లోపల ఎక్కడైనా కరెంటు ఆంప్లిఫయర్ పెట్టెకు తగిలితే వైరు అల్లిక గుండా మైకు దాకా పాకుతుంది; దాన్ని భూమిలోకి పంపడానికి ఉన్నది ఆ పిన్నే. అది లేకపోతే అమ్మ ఒంట్లోంచే పోతుంది. నేను అరిచేలోపే బావ ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎంత చేసినా ఎత్తలేదు. భజన మొదలైతే అందరి ఫోన్లూ సైలెంటులో పెట్టించేది ఆ మహానుభావుడే.

దారి పొడుగునా బావను తిట్టుకున్నాను, డ్రైవర్‌ను తిట్టుకున్నాను. ధర్మవరంలో ఆటో దిగి వీధి మలుపు తిరగ్గానే స్పీకర్లలో అమ్మ గొంతు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. పాడుతోందంటే మైకు ఇంకా చేతిలోనే ఉందని ఆ వెంటనే తట్టి, పరుగెత్తుకెళ్ళి మెయిన్ స్విచ్ ఆపేశాను.

"ఏమిరా, పాట మధ్యలో ఆపితివి?" అని అమ్మ కోప్పడింది. ఆమె చేతిలో మైకుకు చీర కొంగు చుట్టి ఉంది.

"కొంగెందుకమ్మా?"

"చెయ్యి జుమ్మంటాండాది. కొత్త మిషను గదా, అట్లే ఉంటాదేమో అనుకున్న్యా."

బావ ముఖం పాలిపోయింది. వెళ్ళి కొత్త ప్లగ్గు తెచ్చిచ్చాడు. ఎర్తు కలిపి, నా వైరు తగిలించి, స్విచ్ వేశాను. మోత లేదు. పెట్టె మీద టెస్టర్ పెడితే వెలగలేదు. అయినా నాకు నమ్మకం చాలలేదు. చూసుకుంటే చెప్పులతోనే లోపలికి వచ్చేసి ఉన్నాను. వాటిని బయట విడిచొచ్చి, తడి బండ మీద నిలబడి, ముందు నేనే మైకు పట్టుకున్నాను. ఏమీ కాలేదు. అప్పుడు అమ్మకిచ్చాను.

ఆమె కొంగు భుజాన వేసుకుని, ఉత్త చేత్తో మైకు పట్టుకుని, ఆగిన చరణం దగ్గరే మళ్ళీ ఎత్తుకుంది. నేను గోడకు ఆనుకుని కూలబడ్డాను. బావ నా పక్కన కూర్చుని, తాళం వేయడం మరిచిపోయి, పాట అయ్యేదాకా అమ్మ చేతినే చూస్తూ ఉండిపోయాడు.